స్థావరము, జంగమము, ముదిమికి దాచిన ధనము

దస్తావేజులు వ్రాయువారు “స్థావర జంగమాస్తులు” అని ఒక్క ఊపున వ్రాసివేయుదురు. పొలము, ఇల్లు స్థావరము. రొక్కము, నగలు, పశువులు, కంపెనీల వాటాలు జంగమము. రిజిస్ట్రారు కార్యాలయములో ఈ రెండు మాటలకు ఇంతకు మించిన అర్థము లేదు. వీరశైవుని చెవికి మాత్రము అవి వేరుగా వినిపించును. కట్టి నిలిపిన గుడికంటె నడచివచ్చిన జంగముడు పూజ్యుడని పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు బోధించెను. కదలనిది శాశ్వతమని లోకము నమ్మును. బసవన్న ఆ నమ్మకమును తలక్రిందులు చేసెను.

శంకరపల్లి మార్గములోని మోకిల గ్రామమున ఇది ఇప్పుడు శాస్త్రచర్చ కాదు, ఇంటి అరుగు మీది మాట. రంగారెడ్డి జిల్లాలో చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి ప్రాంతములు తరతరములుగా కూరగాయలు, పూలు పండించి నగరమునకు పంపినవి. నేడు నగరమే ఆ పొలములకు నడచి వచ్చినది. 2023 ఆగస్టు 7వ తేదీన హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ మోకిలలో 50 ఇండ్ల స్థలములను వేలము వేసెను. చదరపు గజమునకు నిర్ణయించిన కనీస ధర 25,000 రూపాయలు. పలికిన గరిష్ఠ ధర 1,05,000 రూపాయలు. అన్నిటికంటె తక్కువకు పోయిన స్థలమునకే 72,000 పలికినది. ఆ ఒక్క దినమున వచ్చిన మొత్తము 121 కోట్లకు పైబడినది.

ఆ ధర వేలములో ఆ స్థలములకు పలికిన ధర మాత్రమే. దానికి ఎన్నో ఏండ్ల ముందే ఎకరముల లెక్కన అమ్ముకొన్న ఇండ్లు ఈ ప్రాంతమున అనేకము. నాగలి పోయినది, రొక్కము వచ్చినది. పటాన్‌చెరు కర్మాగారములలో ముప్పది యేండ్లు పని చేసినవారికి భవిష్య నిధి చేతికి వచ్చినది. కాయకము ఆగిన తరువాత మిగిలిన బ్రతుకంతయు ఈ ధనము మీదనే సాగవలెను. దీనిని ఎక్కడ ఉంచవలెను? కుమారుడు చేతిఫోనులో షేరుమార్కెట్టు చూపి, బ్యాంకులో మూలుగుటకంటె ఇది మేలని చెప్పును. అల్లుడు మరి రెండు స్థలములు కొనుమని చెప్పును. తండ్రి ఎటూ తేల్చుకొనలేడు. ఇట్టి తరుణమున ఎన్నికలు వచ్చును.

2024 జూన్ 1వ తేదీ సాయంకాలము లోక్‌సభ ఎన్నికల కడపటి విడత పోలింగు ముగిసెను. ఫలితములు ఇట్లుండునని ఊహించి చెప్పు ఎగ్జిట్ పోల్సు వెంటనే వెలువడినవి. సోమవారము, జూన్ 3న, బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో ముప్పది పెద్ద కంపెనీల వాటాల విలువను కొలుచు సెన్సెక్స్ 2,507 పాయింట్లు ఎగసి 76,468 వద్ద ముగిసెను. మరునాడు ఓట్ల లెక్కింపు. ఊహ ఒకటి, పెట్టెలో ఉన్నది మరియొకటి. ఆ మంగళవారమున సెన్సెక్స్ 4,389 పాయింట్లు, అనగా 5.74 శాతము, కూలి 72,079 వద్ద నిలిచెను. బుధవారము 2,303 పాయింట్లు లేచెను. శుక్రవారము, జూన్ 7 నాటికి, 76,693కు చేరి, కూలుటకు పూర్వమున్న మట్టమును దాటెను.

అంతయు నాలుగు దినముల ముచ్చట. మంగళవారము మధ్యాహ్నము గుండె చిక్కబట్టుకొనలేక అమ్మివేసిన వృద్ధునికి మాత్రము అది నాలుగు దినములతో పోలేదు. అమ్మనివానికి నష్టము కాగితము మీద వచ్చి కాగితము మీదనే పోయినది. అమ్మినవానికి అది చేతికి అంటుకొన్నది. సోమవారము ఎగ్జిట్ పోల్సు చూచి ఉన్న డబ్బంతయు తెచ్చి కొని, మంగళవారము భయపడి అమ్మినవాడు రెండు విధముల చెడెను. మొదటి దినము ఆశ, రెండవ దినము భయము. శరణులు ఈ రెంటిని వేరువేరు వ్యాధులుగా చూడలేదు. ఉన్నదానికి మించి కోరినవాడే ఉన్నది పోవునని మించి వణకును.

ఇది మొదటి పర్యాయము కాదు. 2004 మే నెలలో కేంద్రమున ప్రభుత్వము మారనున్నదని తేలినప్పుడు, ఆ నెల 17వ తేదీ సోమవారమున సెన్సెక్స్ 564 పాయింట్లు, అనగా 11 శాతమునకు పైగా, కూలి 4,505 వద్ద ముగిసెను. ఆ నాడు రెండు పర్యాయములు వ్యాపారమునే నిలుపవలసి వచ్చెను. అదే సంవత్సరాంతమునకు సూచీ 6,602 వద్ద ఉండెను. 2009 మే 18న తద్విరుద్ధముగా జరిగెను. ఎన్నికల తీర్పు స్థిరప్రభుత్వమును సూచించినదని మార్కెట్టు 2,110 పాయింట్లు పైకి లేచి, తలుపు తెరచిన కొన్ని క్షణములకే మూసివేయవలసినంత ఉప్పొంగెను. 2004లో మార్కెట్టును భయపెట్టిన కూటమియే 2009లో దానికి ప్రీతిపాత్రమైనది. ఓటరు మనసు తెలిసినట్లు మాటాడు పండితులెవరును ఈ మూడు దినములను ముందుగా సరిగా చెప్పలేదు. చెప్పగలిగినచో ఆ ఊగిసలాటయే ఉండెడిది కాదు.

కల్లోలములన్నియు ఇంత త్వరగా తీరునని భ్రమపడరాదు. ఎన్నికల గాలి కొన్ని దినములలోనో, నెలలలోనో సర్దుకొనును. 2008లో వచ్చినది గాలి కాదు, తుఫాను. అమెరికా బ్యాంకులలో పుట్టి లోకమంతయు వ్యాపించినది. 2008 జనవరి 8న 20,873 వద్ద ముగిసిన సెన్సెక్స్ 2009 మార్చి 9 నాటికి 8,160కు దిగెను. తిరిగి పాత మట్టమును చూచుటకు 2010 నవంబరు దీపావళి రావలసి వచ్చెను. రెండు సంవత్సరముల పది నెలలు. యువకునికి ఇది ఓర్చుకొనదగిన కాలమే. జీతము ఆగిన ఇంటిలో ఆ రెండు సంవత్సరముల పది నెలలును బియ్యము కొనవలెను, మందులు కొనవలెను.

కల్యాణమునకు వచ్చెదము. మోకిల నుండి బొంబాయి రహదారిని పట్టి జహీరాబాదు మీదుగా పోయిన ఒక పూట ప్రయాణములో బసవకల్యాణము చేరవచ్చును. బసవేశ్వరుని పూజించువారు అతడు బిజ్జలుని కోశాగారమునకు అధికారియను మాటను తరచు మరతురు. అతడు లెక్కలు తెలిసిన మనిషి. పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదగా రచించిన బసవపురాణములో ఆ వృత్తాంతము కలదు. బసవన్న రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు బిజ్జలునికి చాడీలు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. బసవన్న కోపింపలేదు, కుంటిసాకులు చెప్పలేదు. పెట్టెలు తెరచి లెక్కింపుమనెను. ఒక్క నాణెమైనను తగ్గలేదు. దీనిని మహిమగా చెప్పుకొనుట ఆచారము. మహిమయే కావచ్చును. కాని ఏ క్షణమున ఎవరు అడిగినను లెక్క చూపగలుగుట ఆ మహిమలో సగమని పెద్దలు గ్రహింపవలెను. ఈనాడు ఎన్ని ఇండ్లలో పెద్దాయన దాచిన ధనము ఏయే చోట్ల ఎంతెంత ఉన్నదో ఇల్లాలికి తెలియును? ఆయన పోయిన తరువాత పెట్టెలు తెరచి ఎవరు లెక్కింతురు?

తరువాత కల్యాణము కూలెను. క్రీస్తుశకము 1167-68 ప్రాంతమున, శరణులకు విధించిన క్రూరదండనల అనంతరము, బిజ్జలుడు హతుడయ్యెను. శరణులు చెల్లాచెదరైరి. చెన్నబసవన్న, తోడివారు ఉళవి దిక్కునకు సాగిరని సంప్రదాయము. ఆ కోశాగారమునకు నేడు తలుపును లేదు, గోడయును లేదు. శరణులు నోట మోసికొని పోయిన వచనములు మిగిలినవి. ఇంతవరకు చెప్పి ఊరకుండుట సులభము. ధనము మిథ్య, వచనము సత్యము అని సభలో చప్పట్లు కొట్టించుకొనవచ్చును. కాని కాయకమును కైలాసముగా భావించిన మార్గమున కాయకఫలము మిథ్య కానేరదు. ముప్పది యేండ్ల చెమటను ఒక మధ్యాహ్నము పోగొట్టుకొని వచ్చినవానికి వైరాగ్యము బోధించుట దయ కాదు.

ఇచ్చట అయిదక్కి మారయ్య కథ చెప్పవలెను. మారయ్య బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చెడివాడు. దానితో అతని భార్య లక్కమ్మ వండి జంగములకు పెట్టి, తాము తినెడిది. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ చూచి, ఇది నేటి మన అక్కరకు మించినది, పోయి తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను. ఈ కథను త్యాగమునకు ఉదాహరణగా చెప్పుదురు. త్యాగమునకు ముందు అందొక కొలత కలదు. నేడు మన ఇంటికి ఎన్ని గింజలు కావలెనో లక్కమ్మకు కచ్చితముగా తెలియును. ఆ కొలత తెలియనిచో ఎక్కువ ఏదో, తక్కువ ఏదో ఆమె చెప్పగలిగెడిది కాదు.

షేరుమార్కెట్టులో దిగిన వృద్ధులలో చాలమందికి సెన్సెక్స్ ఎంతో తెలియును. తమ ఇంటికి నెలకెంత కావలెనో తెలియదు.

మోకిలలో ఒక దంపతులు ఉన్నారనుకొందము. పేరు అక్కరలేదు, అట్టివారు వీధికి ఇద్దరు కలరు. భర్తకు అరువది నిండినవి. భవిష్య నిధియును, అమ్మిన కొద్దిపాటి పొలము ధనమును కలిపి 40 లక్షలు చేతనున్నవి. కర్మాగారపు పింఛను నెలకు 5,000 రూపాయలు. ఇంటి ఖర్చు, మందులు, పెండ్లిండ్లకు చదివింపులు, మఠమునకు సమర్పించునది అన్నియు కలిసి 25,000. నెలకు 20,000, సంవత్సరమునకు 2,40,000 తక్కువ పడుచున్నది. ఈ తక్కువ పడు మొత్తమే లక్కమ్మ కొలత.

ఆ 40 లక్షలును మార్కెట్టులోనే ఉన్నవనుకొందము. సూచీతో సమానముగా కదలినచో 2024 జూన్ 4న ఒక్క దినమున కాగితము మీద పోయినది 2,29,600 రూపాయలు. ఇంచుమించు ఒక సంవత్సరపు గ్రాసము. అది తిరిగి వచ్చినది, సరే. 2008 నాటి తుఫానే వచ్చినచో? 40 లక్షలు పదునాలుగు నెలలలో 15 లక్షల 64 వేలగును. ఇల్లు గడచుటకు తీయవలసినది మాత్రము అదే 2,40,000. మునుపు మూలధనములో నూటికి ఆరు పాళ్లుగా ఉన్న ఆ మొత్తము ఇప్పుడు నూటికి పదునైదు పాళ్లగును. వాటాలను చవకగా అమ్మి బ్రతుకవలెను. మార్కెట్టు తిరిగి లేచునప్పటికి లేచుటకు వారి యొద్ద ఏమియు మిగిలి ఉండదు. విత్తనపు గింజలు వండుకొన్న రైతునకు వాన వచ్చి ఏమి లాభము?

కనుక తొలుత చేయవలసిన పని ఏ వాటా కొనవలెననునది కాదు. రాబోవు అయిదు సంవత్సరములలో అక్కరపడు ధనమును వార్తలకు అందని చోట ఉంచుట. 2008 నాటి దెబ్బ మానుటకు మూడేండ్లు పట్టెను గావున, అయిదేండ్ల గ్రాసము ప్రక్కన ఉన్నవాడు అట్టి కాలమును దాటగలడు.

అట్టి చోట్లు కొత్తవి కావు. తపాలా కార్యాలయములలోను, బ్యాంకులలోను 2004 నుండి వృద్ధుల పొదుపు పథకము నడచుచున్నది. అరువది నిండినవారు, కొన్ని నియమములకు లోబడి అంతకు ముందే పదవీ విరమణ చేసినవారు చేరవచ్చును. గడువు అయిదేండ్లు, ఆపై పొడిగింపు కలదు. 2023 ఏప్రిల్ నుండి ఒక్కొక్కరి పరిమితిని 15 లక్షల నుండి 30 లక్షలకు పెంచిరి. వడ్డీ 8.2 శాతముగా నిర్ణయించిరి. ప్రభుత్వము మూడు నెలలకొకసారి ఈ రేటును ప్రకటించును. చేరిన నాటి రేటు మాత్రము గడువు తీరు వరకు మారదు. పైదంపతులు 8.2 శాతమున్నప్పుడు 30 లక్షలు అందుంచినచో సంవత్సరమునకు 2,46,000 వచ్చును. వారి తరుగు 2,40,000. పన్ను మాట వారి వారి ఆదాయమును బట్టి చూచుకొనవలెను. మొత్తము మీద కొలత సరిపోయినది. మిగిలిన పది లక్షలలో రెండు లక్షలు ఆస్పత్రి కొరకు బ్యాంకులో. కడమ ఎనిమిది లక్షలు ధరల పెరుగుదలను తట్టుకొనుటకు మార్కెట్టులో ఉంచదలచిన ఉంచవచ్చును. జూన్ 4న ఆ ఎనిమిది లక్షలకు తగిలిన దెబ్బ 45,920 రూపాయలు. నొప్పియే, కాని దానికి నిద్ర చెడదు. ఎనిమిదియే ఉండవలెనని శాసనము లేదు. నిద్ర చెడునంత ఉండరాదు, అంతియే.

ఇచ్చట చదువరులొక ప్రశ్న వేయుదురు. అంత భయమేల, మొత్తము నలువదియును వడ్డీకే వేసికొని హాయిగా ఉండరాదా? కొందరికి అదియే తగును. అయితే వడ్డీ స్థిరము, ధరలు అస్థిరములు. అరువదియేండ్లవాడు ఎనుబదియైదు వరకు జీవింపవచ్చును. నేటి 25,000 ఇరువది యేండ్ల తరువాత ఏపాటి కొనునో, తన చిన్ననాట మోకిల సంతలో రూపాయికి ఏమి వచ్చెడిదో తలచుకొన్న పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. కదలనిది క్షేమమను నమ్మకము ఇచ్చట కూడ పూర్తిగా చెల్లదు.

బ్యాంకును గురించియు ఒక్క మాట. 2001లో హైదరాబాదున కృషి సహకార పట్టణ బ్యాంకు మూతపడినప్పుడు డిపాజిటుదారులు వీధిలో నిలిచిరి. అప్పటికి భీమా రక్షణ ఒక్కొక్కరికి లక్ష రూపాయల వరకే. 2020 ఫిబ్రవరి 4 నుండి అది ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారునకు, వడ్డీతో కలిపి, 5 లక్షలు. కావున పావు శాతము వడ్డీ ఎక్కువయని ఒకే చిన్న బ్యాంకులో సర్వస్వమును ఉంచుట తగదు. రిజిష్టరు కాని చీటీల మాట ఎత్తనే వలదు. పొరుగువాని ముఖము చూచి వేసిన చీటీకి పొరుగువాని ముఖమే హామీ.

భూమి మీది మమకారమును గురించి కటువుగా చెప్పక తప్పదు. భూమి పడిపోదని ఈ ప్రాంతమున అందరును నమ్ముదురు. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయముల రక్షణకై 1996 మార్చి 8న వెలువడిన 111వ సంఖ్య ప్రభుత్వోత్తర్వు 84 గ్రామములలో కట్టడములను కట్టడి చేసెను. మొయినాబాదు మండలములోని అనేక గ్రామములు అందులోనివి. ఒకే గట్టునకు ఆవల ఒక ధర, ఈవల ఒక ధర! 2022 ఏప్రిల్ 12న మరియొక ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించెను. ఒక్క కాగితము ధరను దించినది, ఒక్క కాగితము ఎత్తినది. కృష్ణాతీరమున అమరావతి కొరకు 2015లో రైతులు ముప్పది వేల ఎకరములకు పైగా అప్పగించిరి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినంతనే అచటి భూముల గిరాకి కూలెను. 2024లో ప్రభుత్వము మారి మరల లేచెను. మార్కెట్టులో అయిదు శాతము పడిన వెంటనే తెరమీద కనిపించును. భూమి ధర పడినచో కొనువాడు రాడు, అంతియే భేదము. ధర కనబడకపోవుటను స్థిరత్వమని పొరబడుచున్నాము. అదియుగాక గుండెనొప్పి వచ్చిన రాత్రి రెండువందల గజములలో ఇరువది గజములు కోసి అమ్మరాదు. నివసించు ఇల్లు వేరు. అది ధనము కాదు, నీడ. రెండవది, మూడవది కొనునప్పుడు వృద్ధులు ఆలోచింపవలెను.

వాటా కొనుట పాపమా యని కొందరు భక్తులు శంకింతురు. ఒక కంపెనీ వాటా యనగా ఆ కంపెనీలో పని చేయువారి కాయకములో భాగస్వామ్యము. నిజాయితీగా నడచు సంస్థలో భాగము కొని ఏండ్ల తరబడి ఉంచుకొనుటలో దోషమేమియు లేదు. ఒకే సంస్థను నమ్ముకొనుటలో అవివేకము కలదు. 2009 జనవరి 7న హైదరాబాదునకు గర్వకారణమైన సత్యం సంస్థ అధిపతి రామలింగరాజు లెక్కలు పెంచి చూపినట్లు తానే లేఖ వ్రాసెను. ముందునాడు సుమారు 179 రూపాయలున్న వాటా ఆ సాయంకాలమునకు 40 రూపాయల దరిదాపునకు దిగెను. అది ఎన్నికల గాలి కాదు, తిరిగి రాలేదు. అందుచేత వాటాలలో ఉంచదలచినవారు అనేక సంస్థలు కలసిన సూచీనిధుల వంటివే చూచుకొనుట మేలు.

ఫ్యూచర్సు, ఆప్షన్సు అను పేరిట జరుగునది మాత్రము కాయకము కాదు, జూదము. సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనము ప్రకారము 2021-22 నుండి 2023-24 వరకు మూడు సంవత్సరములలో ఇందు దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. వారి మొత్తము నష్టము లక్షా ఎనుబది వేల కోట్ల రూపాయలకు మించినది. ఎన్నికల ఫలితముల దినమున ఈ పందెము మరింత జోరుగా సాగును. తండ్రి పింఛను ధనముతో కుమారుడు పందెమాడిన ఇల్లు ఎట్లుండునో మహాభారతము తెలిసినవారికి చెప్పవలెనా?

ప్రాతఃకాలమున స్నానము చేసి, భస్మము ధరించి, ఎడమ అరచేతిలో ఇష్టలింగము నుంచి దృష్టి నిలుపుట వీరశైవుని నిత్యవిధి. ఇప్పుడు అదే అరచేతిలో తొమ్మిది గంటల పదునైదు నిమిషములకు మరియొకటి వచ్చి కూర్చొనుచున్నది. మార్కెట్టు తెరచు వేళ అది. ఎరుపు, ఆకుపచ్చ అంకెల మీద దృష్టి నిలుచును. ఊపిరి వాటితో లేచి వాటితో పడును. ఫోను చెడ్డదని చెప్పుట కాదు. అయిదేండ్ల గ్రాసము వేరుచోట భద్రముగా ఉన్నవానికి ఆ అంకెలను ప్రతి దినము చూడవలసిన పని లేదు. సంవత్సరమునకు ఒకటి రెండు సారులు, బసవ జయంతికో, దీపావళికో చూచుకొన్న చాలును. కల్లోలము చెలరేగిన దినమున ఏమి చేయవలెనని అడిగినచో, ఆ దినమున ఏమియు చేయరాదు. పదునైదు దినములు ఆగి, ఇంటిలో అందరు కూర్చొని, అప్పటికిని అమ్మవలెననిపించిన అమ్మవచ్చును. ఎన్నికలకు ముందు వారమున కొనుమని వచ్చు సలహాలకును ఇదే గడువు వర్తించును.

అందరు కూర్చొని యనుటలో ఇల్లాలు కూడ చేరినది. అనుభవ మంటపమున స్త్రీలు పురుషులతో సమముగా కూర్చొని వాదించిన మతము ఇది. లక్కమ్మ మారయ్యను తిప్పి పంపినది. అట్టి ఇండ్లలో, డబ్బు సంగతి నీకేల యని భార్యను లోనికి పంపుట ఎక్కడి ఆచారము? ఖాతాలన్నియు ఒక పుస్తకములో ఇద్దరి ఎదుట వ్రాయవలెను. నామినీ పేరు ప్రతి ఖాతాలోను ఉండవలెను. నామినీ డబ్బు అందుకొనువాడే కాని దానికి సంపూర్ణ యజమాని కాడని న్యాయస్థానములు పలుమారు చెప్పినవి. 2023 డిసెంబరులో వాటాల విషయమునను సుప్రీంకోర్టు అదే స్థిరపరచినది. కాబట్టి వీలునామా వేరుగా వ్రాయవలసినదే. కుమారుని వ్యాపారమునకు ఇవ్వదలచినను, కొలత తీసిన తరువాత మిగిలినదానిలోనుండి ఇవ్వవలెను. కొలతలోనుండి ఇచ్చినచో రేపు ఆ కుమారుని ముంగిటనే గింజలు ఏరవలసి వచ్చును. దాసోహమునకును ఇదే వరుస. భక్తుడు ఆవేశమున మూలధనము సమర్పింపవచ్చినప్పుడు, ఇంట ముదుసలి భార్యకు గ్రాసమున్నదా యని అడిగి పుచ్చుకొను స్వాములు మఠమునకు మరింత శోభ.

మఠముల నిధులకు సయితము ఈ జాగ్రత్త అవసరము. పన్ను మినహాయింపు పొందు ధర్మసంస్థలు తమ ధనమును చట్టము నిర్దేశించిన రీతులలోనే ఉంచవలెను. ఎవరో శిష్యుడు చెప్పినాడని వాటాలు కొనుటకు వీలు లేదు. లెక్క అడిగినప్పుడు పెట్టెలు తెరచి చూపగలుగుట బసవన్నకు చెల్లినచో ఆయన పేరిట వెలసిన సంస్థలకు ఏల చెల్లదు?

ఆ మోకిల దంపతుల వంటివారి సంగతి ఒకటి మిగిలినది. వృద్ధుల పొదుపు పథకపు వడ్డీ ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలల మొదట జమయగును. 30 లక్షలు వేసి, 2024 జనవరికి ముందే 8.2 శాతమునకు ఖాతా తెరచినవారికి ఏప్రిల్ నెలలో 61,500 రూపాయలు జమపడినవి. తరువాత ఎన్నికలు జరిగినవి, ఎగ్జిట్ పోల్సు వచ్చినవి, జూన్ 4 వచ్చినది, పోయినది. జూలై నెలలో పాసుపుస్తకము తీసికొనిపోయి వ్రాయించుకొన్నచో అందులో చేరిన అంకె 61,500.